మాస్టారి గొంతు వెంట బందరు దాకా

అనంతపురం మనిషికి ప్రకాశం బ్యారేజీ చూపించకూడదు. చూపిస్తే ఆ పూట ఇక పని జరగదు. రైలు దిగి, సామాను గదిలో పడేసి, ఒక్కసారి చూసొద్దామని వెళ్ళినదాన్ని ఎండ నెత్తికెక్కేదాకా పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయాను. మా వైపు నీళ్ళు ట్యాంకరులో వస్తాయి, బిందెల్లో ఇంటికి చేరతాయి. ఇక్కడ ఒక పక్క సముద్రంలా నిలిచి ఉన్నాయి, ఇంకో పక్క కాలువల్లో పడి ఎవరి ఊరికి వాళ్ళన్నట్టు వెళ్ళిపోతున్నాయి. అది చూసి నాకు సంతోషం కలిగిందో కోపం వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. రెండూ కలిగాయనుకుంటాను.

పక్కన ఒక పెద్దాయన సైకిలు ఆపుకుని నీళ్ళకేసి చూస్తున్నాడు. గోడ మీద గీసిన మట్టం గీతలు చూపించి, "ఇంత నిండుగా ఉంటే మీకేం కొదవండీ?" అన్నాను.

"మీరు గీత చూసి అంటన్నారు. మాది కాలవ శివారు పొలమండి," అన్నాడాయన చిరాగ్గా. "ఇక్కడ గీత నిండినంత మాత్రాన మా చేలో తడి ఉన్నట్టా? వచ్చి చూడాలి." నీళ్ళ సంగతి నాకేం తెలుసని గదికి బయలుదేరాను.

బెజవాడ

నేనేం పని మీద వెళ్ళానో ముందే చెప్పాలి. మా అమ్మకు ఎన్నోసార్లు చెప్పాను, ఆవిడకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఓపెన్ సోర్స్ అని ఒక లోకం ఉంది. అక్కడి సాఫ్ట్‌వేరును ఎవరైనా విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు, దిద్దినదాన్ని మళ్ళీ అందరికీ ఉచితంగా ఇవ్వొచ్చు. ఎవరు ఏ రోజున ఏ ముక్క మార్చారో పేరుతో సహా బహిరంగంగా ఉంటుంది. అలాంటి ప్రాజెక్టులను పక్కపక్కన పెట్టి పోల్చడం మా చిన్న ఆఫీసు పని. ఎంతమంది పనిచేస్తున్నారు, ఎంత తరచుగా చేస్తున్నారు, ఎవరైనా ప్రశ్న అడిగితే ఎంత త్వరగా బదులిస్తున్నారు, ఇవన్నీ ఒక పట్టికలోకి చేరతాయి. బాగా నడుస్తున్న ప్రాజెక్టు వరుస పచ్చగా మారుతుంది, అనుమానం ఉంటే పసుపు, ఆగిపోతే ఎరుపు. ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి అన్నం తిన్న చేయి కడుక్కుని వచ్చి దిద్దిన తప్పు తెల్లారేసరికి నా పట్టికలో మొలకెత్తుతుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నాకు ఇంకా ఒళ్ళు పులకరిస్తూనే ఉంటుంది.

ఈసారి మా ముందున్న ప్రశ్న ఇది. చూపు లేని విద్యార్థులకు కొన్ని కంప్యూటర్లు ఇస్తున్నారు. వాటిలో తెలుగును పైకి చదివి వినిపించే గొంతు ఒకటి పెట్టాలి. ఏ గొంతు పెట్టాలో చెప్పాల్సింది మేము. పోటీలో మిగిలినవి రెండు. మొదటిదాని పట్టిక పచ్చగా కళకళలాడుతోంది, కాకపోతే అది తెలుగును నిన్న నేర్చుకున్న చుట్టంలా చదువుతుంది. రెండోది చదువుతుంటే పక్కన కూర్చుని ఎవరో పాఠం చెప్తున్నట్టుంది, కానీ దాని పట్టికలో మొదటి నుంచి చివరి దాకా ఉన్నది ఒకే ఒక్క పేరు, జిలానీ మాస్టారు. ఒక్క చేతి మీద నడిచే ప్రాజెక్టుకు మేము పచ్చరంగు ఇవ్వం. ఆ చేయి అలిసిపోయిన రోజున పిల్లల కంప్యూటర్లు మూగబోతాయి. ఆ నియమం మంచిదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. అయినా ఆ గొంతు చెవిలోంచి పోలేదు. పట్టిక మూసే ముందు ఒక్కసారి ఆ మనిషిని చూసొస్తానని ఆఫీసులో అడిగాను.

ప్రాజెక్టు పేజీలో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఆయన కూతురు షమీమ్ ఎత్తింది. "నాన్నగారు ఫోన్లో మాట్లాడరండీ. మీరే బందరు రండి. ముందు మంగళగిరి వెళ్ళి నాగమణినీ, వచ్చే దారిలో ఉయ్యూరులో శ్రీనివాసరావునీ కలిసి రండి, నాన్నగారి దగ్గర చదువుకున్నవాళ్ళే," అంది. ఫోన్లో మాట్లాడని పెద్దమనిషి ఎంత కోపిష్టో అనుకుంటూ బయలుదేరాను.

బ్యారేజీ చూసిన మర్నాడు పొద్దున, బెజవాడ వదిలే ముందు ఇడ్లీ తిన్నాను. మా వైపు ఇడ్లీకి చట్నీ చాలు. ఇక్కడ కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోసి, "ఇంకొంచెం వెయ్యమంటారాండీ?" అని మళ్ళీ అడుగుతారు. వద్దంటే నొచ్చుకుంటారు. నేను ఎవరినీ నొప్పించలేదు.

మంగళగిరి

మంగళగిరిలో నాగమణి గారి చీరల కొట్టు కనుక్కోవడం కష్టం కాలేదు. మెట్లెక్కుతుండగానే లోపలి నుంచి మాస్టారి గొంతు వినిపించింది. నా కంప్యూటర్లో ఎన్నిసార్లో విన్న అదే గొంతు, "నిజాం అంచు, పసుపు, రెండు చీరలు, గుంటూరు పంపాలి" అంటోంది. ఆయన ఇక్కడికే వచ్చారేమోనని తొంగి చూశాను. లోపల నాగమణి గారు ఒక్కరే ఉన్నారు, చేతిలో ఫోను ఉంది. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. వచ్చిన ఆర్డరును మాస్టారి గొంతులో వింటున్నారు.

"చిన్నప్పుడు బళ్ళో నాకు పుస్తకం చదివి పెట్టేవారు లేరండి," అన్నారావిడ, నా చేతికి చీర అందిస్తూనే. "మాస్టారు తెలుగు పండితులు. బడి వదిలాక కూర్చోబెట్టుకుని పాఠాలన్నీ చదివి వినిపించేవారు. ఆయన రిటైరయ్యే ముందు మా క్లాసు వాళ్ళు పట్టుబట్టి ఆయన చేత పుస్తకాలకు పుస్తకాలు చదివించి రికార్డు చేశారు. ఆ రికార్డుల్లోంచే ఈ గొంతు తయారైంది."

"తయారుచేసింది మాస్టారు కదండీ? పేరు ఆయనదే ఉంది."

ఆవిడ నవ్వారు. "ఆయనకు అప్పట్లో మౌసు పట్టుకోవడమే రాదండి. మేమే చేశాం. ఇప్పటికీ మేమే చేస్తన్నాం. గొంతు ఎక్కడ తప్పు పలికినా నాకు రాయి తగిలినట్టుంటుంది. వింటూ టైపు చేసి దిద్ది పంపుతాను."

"మరి మీ పేరేదండీ?"

"నా పేరెందుకండీ? మాస్టారి పేరుతో పంపుతాను. అందరం అంతే."

ఇన్ని నెలలు నేను చూసిన ఆ ఒక్క పేరు వెనక ఎంతమంది ఉన్నారో ఆవిడ వేళ్ళు మడుస్తూ చెబుతుంటే, గుహలోకి దీపం పట్టుకెళ్ళినట్టుంది నాకు. ఒకరి వెనక ఒకరు కనిపిస్తూనే ఉన్నారు.

కొండ ఎక్కకుండా పంపనన్నారావిడ. పైన నరసింహస్వామికి పానకం పోస్తారు. చిన్న బిందె తెచ్చినా పెద్ద బిందె తెచ్చినా స్వామి సగమే తాగి, మిగతా సగం భక్తులకు వదిలేస్తాడట. మా కదిరిలో కూడా నరసింహస్వామే ఉన్నాడు, ఆయన ఇలా పంచుకుని తాగడం నేను వినలేదు. ఇంత బెల్లం ఒలుకుతున్నా ఇక్కడికి ఒక్క చీమ రాదని కూడా చెప్పారు. నిజంగానే నాకు కనబడలేదు. ప్రసాదం ఒక సీసాలో పట్టించుకుని బ్యాగులో పెట్టుకున్నాను. మూత సరిగ్గా బిగించలేదు.

ఉయ్యూరు

బెజవాడ తిరిగొచ్చి బందరు బస్సెక్కాను. ఆ రోడ్డు మీద చాలా దూరం పక్కనే కాలువ వస్తుంది. కోతలు అయిన చేలు, చెరుకు బళ్ళు, మధ్యలో నీళ్ళు. నేను కిటికీ వదల్లేదు. పక్క సీటావిడ జాలిపడి, "కాలవ ఎప్పుడూ చూళ్ళేదామ్మా?" అని అడిగింది.

ఉయ్యూరులో దిగి బ్యాగు భుజాన వేసుకుంటే చేతికి జిగురు తగిలింది. పానకమంతా లాప్‌టాప్ మీద ఒలికి ఉంది. మీటలు నొక్కితే కిందకు పోయినవి పైకి రావడం లేదు. కొండ మీద లేని చీమలన్నీ నా బ్యాగు దగ్గరకు వచ్చేశాయి. మాస్టారికి చూపిద్దామని తెచ్చిన పట్టిక కాపీ అందులోనే ఉంది.

శ్రీనివాసరావు గారి కాటా ఊరి చివర ఉంది. కాటా అంటే లారీనో ట్రాక్టరునో సరుకుతో సహా ఎక్కించి తూచే చోటు. చెరుకు బండి ఒకటి ఎక్కింది. స్తంభానికి కట్టిన స్పీకరులోంచి జిలానీ మాస్టారి గొంతు బరువు చదివి వినిపించింది. తప్పు లెక్క చేసిన పిల్లాడికి ఓపిగ్గా మళ్ళీ చెబుతున్నట్టు అదే అంకె రెండోసారి కూడా చదివింది. డ్రైవరు తలూపి బండి దించుకున్నాడు.

"అద్దంలో అంకె చూపిస్తే గొడవ పడేవాళ్ళండి. మాస్టారు చెప్తే ఎవరూ ఎదురాడరు," అన్నాడు శ్రీనివాసరావు. విశాలమైన ఛాతీ ఉన్న మనిషి, పెద్ద గొంతు. అంకెలను తెలుగులో పలికించే భాగమంతా ఆయన రాసిందేనట. ఆ భాగం నాకు తెలుసు. దాని పని తీరు చూసి మా ఆఫీసులో అందరం చప్పట్లు కొట్టాం, జిలానీ మాస్టారికి.

చెరుకు రసం తెప్పించాడు. అల్లం, నిమ్మకాయ వేసి, గ్లాసు నిండా. మా ఊళ్ళో అదే ధరకు సగం గ్లాసు ఐసే ఉంటుంది. అది తాగుతూ సంగతి తిన్నగా చెప్పేశాను. ఒకే పేరు ఉన్నందువల్ల మీ గొంతు పసుపులోనే ఉండిపోతుంది, పిల్లలకు ఇంకో గొంతు వెళ్ళిపోతుంది అన్నాను. "నిండుకుండ తొణకదంటారు. నిజమే. మా పట్టికకు తొణికే కుండలే కనబడతాయి. అడగందే అమ్మయినా పెట్టదు కదండీ, మీ పేర్లు మీరు రాసుకోకపోతే ఎలా?"

ఆయన మొహం వాడిపోయింది. గ్లాసు పక్కన పెట్టేశాడు.

"మా ఇంట్లో పెళ్ళయితే శుభలేఖ ఎవరి పేరున వేస్తామండీ? పెద్దాయన పేరున. ఖర్చు తమ్ముళ్ళు పెట్టుకున్నా, పందిరి అల్లుళ్ళు వేసినా, ఆహ్వానించేది పెద్దాయనే. ఆయన ఉండగా నా పేరు పైన వేసుకుంటే ఊరు నవ్వదూ? ఇదీ అంతేనండి. ఆయన గొంతు మీద నా పేరు ఎలా వేసుకోమంటారు?"

మా ఇంట్లో కూడా శుభలేఖ మా పెదనాయన పేరు మీదే వేస్తారు. ప్రపంచంలో ఏ మూల మనిషి చేసిన పనినైనా పట్టుకుంటుందని నేను గొప్పలు చెప్పుకునే పట్టిక, ఒక బడిలో పిల్లలకు మాస్టారి మీద ఉన్న మర్యాద దగ్గర బోల్తా పడింది. కోపం రావాల్సింది. రాలేదు. ఇలాంటి మనుషులున్న లోకాన్ని కొలిచే ఉద్యోగం దొరికినందుకు గర్వంగా అనిపించింది.

"మాస్టారికి తెలుసా, ఇదంతా ఆయన పేరు మీదే వెళ్తోందని?"

"ఎందుకు చెప్తామండీ?" అన్నాడు.

బందరు

బందరులో దిగగానే హల్వా కొన్నాను. నల్లగా, నెయ్యి కారుతూ, పంటికి సాగుతుంది. అమ్మినాయన, "ఎవరింటికండీ?" అని అడిగి, జిలానీ మాస్టారి ఇల్లనగానే తూకం పడ్డాక ఇంకో ముక్క వేశాడు.

ఇంటి ముందు షమీమ్ ఎదురు చూస్తోంది. ఆవిడ ఇక్కడ బ్యాంకులో పనిచేస్తోంది. బెజవాడలో ఒక్కరే ఉంటున్న తండ్రిని ఏడాదిన్నర కిందట ఇక్కడికి తెచ్చుకుందట. లోపలికి రమ్మంది. వసారాలో తెల్లటి లాల్చీ, మెడ చుట్టూ సన్నటి మఫ్లరు, బల్ల మీద కీబోర్డు. మాస్టారు నన్ను చూసి లేచి చేయి గుండె మీద పెట్టుకున్నారు. తర్వాత కూర్చుని రెండు వేళ్ళతో టైపు చేశారు.

బల్ల మీది స్పీకరులోంచి ఆయన గొంతు వచ్చింది. "రండమ్మా. కూర్చోండి. దారిలో ఎండ బాగా కొట్టిందా?"

ఆయన పెదవులు కదల్లేదు.

నేను నిలబడే ఉండిపోయాను. షమీమ్ నెమ్మదిగా చెప్పింది. గొంతులో పుండు లేచిందట. ఆపరేషను చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున నాగమణి, శ్రీనివాసరావు, మిగతావాళ్ళు వచ్చి ఈ కంప్యూటరు పెట్టి, ఇందులో ఆయన గొంతును ఆయనకు తిరిగి ఇచ్చేశారు. ఎప్పుడో చూపు లేని ఒక పిల్ల కోసం పాఠాలు చదవడం మొదలుపెట్టిన గొంతు ఇవాళ ఆయన నోరైంది. నేను మంగళగిరిలో చీరల లెక్క చెప్పగా విన్నదీ, ఉయ్యూరులో చెరుకు బరువు చెప్పగా విన్నదీ, ఇప్పుడు నన్ను ఎండ గురించి అడుగుతున్నదీ ఒకే గొంతు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

కాసేపటికి మాస్టారు హల్వా నా వైపే జరిపారు. "మీది ఏ ఊరు?" అంది గొంతు. అనంతపురం అన్నాను. "అక్కడ ఎలా పలకరిస్తారు?"

"బాగుండావామ్మా అంటాం మాస్టారూ."

ఆయన అది టైపు చేశారు. గొంతు దాన్ని కృష్ణా జిల్లా పెళ్ళివారు పలకరించినట్టు పలికింది. ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వుకు చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఊగాయి.

లాప్‌టాప్ పానకం పాలైంది కాబట్టి పట్టిక నోటితోనే చెప్పాను. ఒకే పేరు, పసుపు రంగు, పిల్లలకు వెళ్ళబోయే ఇంకో గొంతు. నాగమణి గారు చెప్పిందీ, శ్రీనివాసరావు గారు చెప్పిందీ దాచలేదు. వింటున్నకొద్దీ ఆయన మొహం ఎర్రబడింది. కీబోర్డు మీద వేళ్ళు టకటకా పడ్డాయి. "ఎవరు చేయమన్నారు ఇలా" అంది గొంతు, ఎప్పటిలాగే ప్రశాంతంగా. ఆ గొంతుకు కోపం రాదు. అది ఒక్కటీ శిష్యులు ఇంకా పెట్టలేదు. ఆయన ఎంటర్ మీటను ఎంత గట్టిగా కొట్టారో దాన్నిబట్టే కోపం తెలిసింది.

"షమీమ్. అందరికీ ఫోన్ కలుపు."

"ఇప్పుడా నాన్నా?"

"ఇప్పుడే."

ఫోను స్పీకరు మీద పెట్టి కీబోర్డు పక్కన ఉంచింది. ఒక్కొక్కరే లైన్లోకి వచ్చారు. కాటా మీద బండి చప్పుడు, ఎవరింట్లోనో కుక్కరు కూత, ఎక్కడో బస్సు హారను. ఏమైందో, ఎందుకు పిలిచారో అని అందరి గొంతుల్లోనూ భయం. మాస్టారు టైపు చేశారు.

"పేరు రాయని జవాబు పత్రానికి నేను ఏనాడైనా మార్కులు వేశానా?"

సంగతి అందరికీ అర్థమైంది.

"లేదు మాస్టారూ," అన్నాడు శ్రీనివాసరావు. కాటా దగ్గర విన్న పెద్ద గొంతు కాదది.

"మీ గొంతు మీద మా పేర్లేంటి మాస్టారూ?" అంది నాగమణి. "మాకు చేతులు రావు."

ఆయన ఈసారి నెమ్మదిగా, చాలాసేపు టైపు చేశారు. అందరం ఎదురు చూశాం. "నేను మీకు ఇచ్చింది పాఠాలు చదివిన గొంతు. అందులో కూతురిని అన్నానికి పిలిచే గొంతు లేదు. మంచినీళ్ళు అడిగే గొంతు లేదు. నవ్వులాట లేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక అవన్నీ మీరు ఒక్కొక్కటిగా చేసి ఇచ్చారు. నేను షమీమ్‌ను దా అమ్మా అని పిలుస్తున్నానంటే అది మీరు చేసింది. నా పేరు రాస్తే అబద్ధం అవుతుంది. నేను మీకు అబద్ధం నేర్పలేదు."

షమీమ్ లోపలికి వెళ్ళిపోయింది. ఫోన్లో ఎవరో ముక్కు చీదుకున్నారు.

"హాజరు వేస్తాను. పలకండి," అంది గొంతు. "నాగమణి."

"ఉన్నాను మాస్టారూ."

"శ్రీనివాసరావు."

"ఉన్నానండి."

గుడివాడలో మందుల షాపు నడిపే ఆయన పలికాడు. తెనాలి టీచరమ్మ పలికింది. హనుమాన్ జంక్షన్‌లో టైర్ల కొట్టు ఆయన, ఎక్కడున్నాడో చెప్పకుండా ఒట్టి "ప్రెజెంట్ సార్" అన్న ఇంకొకాయన, ఇలా వస్తూనే ఉన్నారు. నడివయసు మనుషులు. పిలిచినప్పుడల్లా ఒక బల్ల వెనక లేచి నిలబడుతున్నట్టే వినిపించింది. నేనూ ఎప్పుడు లేచానో తెలియదు, చూసుకునేసరికి నిలబడి ఉన్నాను. నా ఉద్యోగమే లెక్కపెట్టడం. ఆ పూట లెక్కపెట్టడం మరిచిపోయి విన్నాను.

తిరుగు బస్సు

బెజవాడ బస్సులో మళ్ళీ కిటికీ పక్కనే కూర్చున్నాను. కాలువ ఇప్పుడు ఎదురొస్తోంది. లాప్‌టాప్ పోయినా ఫోనులో ప్రాజెక్టు పేజీ తెరుచుకుంది. పామర్రు దగ్గర మొదటి పేరు కనబడింది, నాగమణి. ఆ తర్వాత అంకెల భాగం పక్కన శ్రీనివాసరావు. పాత మార్పుల్లో కూడా ఏది ఎవరిదో ఎవరి పేరు వాళ్ళు కడుతున్నారు. ఇన్నాళ్ళూ ఒంటరి గీతలా ఉన్న వరుస నా కళ్ళ ముందే ఊరేగింపులా నిండిపోతోంది. ఉయ్యూరు దాటాక ఆఫీసులోని అసలు పట్టికను ఫోనులో తెరిస్తే వరుస పచ్చబడి ఉంది. నేను చేయి పెట్టలేదు, దానంతట అదే మారింది. రెండు పచ్చటి వరుసల్లో ఏది ఎంచాలో తేల్చడానికి ఇక మిగిలింది చెవులే. ఆ పిల్లల కంప్యూటర్లలో జిలానీ మాస్టారే చదువుతారు.

కంకిపాడు దగ్గర ఇంకో మార్పు వచ్చింది. దానికి కట్టిన పేరు జిలానీ మాస్టారిది. ఈసారి నిజంగా ఆయనే చేశారు. షమీమ్ పక్కన కూర్చుని చూపించి ఉంటుంది. దాని పక్కన "అనంతపురం పలకరింపు" అని మాత్రమే ఉంది. నొక్కాను.

"బాగుండావామ్మా?"

అచ్చం మా వీధి చివర నిలబడి అడిగినట్టే అంది.

"బాగుండాను మాస్టారూ," అన్నాను పైకే. బస్సులో నలుగురు నా వైపు తిరిగి చూశారు.